గట్టు కబుర్లు: టర్బైన్ ఎపిసోడ్ (అన్నాం గానీ)

చిన్నా: రికార్డింగ్ ఆన్ అయింది. ఈ వారం టర్బైన్లు, కంప్రెసర్లలో ఆవిరి, గాలి ఎట్ట పారతాయో సూపర్ కంప్యూటర్లో లెక్కగట్టడం గురించి. అన్నా, దండం పెడతా, మీ రొయ్యల గుంటలో నీళ్ళకి గాలి కలిపే ఆ ఏరియేటర్ మాట ఎత్తబాక.

అన్న: నేనెత్తలా. నువ్వే ఎత్తినావు.

చిన్నా: సరే. కృష్ణపట్నం థర్మల్లో టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. కదలని రెక్కల వరస, దాని పక్కనే తిరిగే వరస. లోపలి జాగానంతా కోట్ల గళ్ళుగా కోసి, ప్రాసెసర్‌కి ఇంత అని పంచుతారు.

అన్న: నాట్లకి మడులు పంచినట్టు.

చిన్నా: అదే, కాకపోతే గట్టు పక్క గడికి అవతలి మడి లెక్క తెలియాలి, అందుకని అడుగడుక్కీ అందరూ ఆగి అంచులు ఇచ్చిపుచ్చుకోవాలి. పైగా ఒక వరస తిరుగుతా ఉంటుంది గదా, పక్కమడి ఎవరిదో మారిపోతా ఉంటుంది.

అన్న: వెయ్యిమందిని దించు, వెయ్యి రెట్లు తొందరగా అయిపోద్ది.

చిన్నా: కాదు. నూటికి అయిదు వంతుల పని పంచడానికి వీల్లేనిదైతే, లక్షమందిని దించినా 20 రెట్లు దాటదు. ఆమ్డాల్ సూత్రం.

అన్న: నారు రాక గట్టు మీద కూర్చోడం.

చిన్నా: ఆఁ. మనోళ్ళు పరమ్ సూపర్ కంప్యూటర్ కంటే ముందే, 1986లో, బెంగళూరులోని విమాన పరిశోధనశాల ఎన్‌ఏఎల్‌లో ఫ్లోసాల్వర్ అనే కంప్యూటర్ కట్టింది ఈ ప్రవాహాల లెక్కలకే.

అన్న: దాన్ని మా గుంటకి తెప్పించు. నాలుగు ఏరియేటర్లు...

చిన్నా: అయిపోయింది.

అన్న: విను. నాలుగూ ఒకే వాటంగా నెడితే నీళ్ళు చుట్టూ తిరిగి బురద మధ్యలో పోగవుతుంది. మా బామ్మర్ది నాలుగోదాన్ని ఎదురు తిప్పి పెట్టినాడు, గాలి బాగా కలుస్తుందంట!

చిన్నా: కలుస్తుందేమోలే.

అన్న: ఏం కలిసేది? రెండు నీళ్ళు గుద్దుకుని అడుగు బురదంతా పైకి లేచింది. గొడుగు తెచ్చినోడి మాట వింటే ఇంతే.

చిన్నా: (నవ్వు) గొడుగు వద్దన్నా. కంప్రెసర్లో గాలి ఎదురు తన్నితే సర్జ్ అంటారు, రెక్కలే విరగొచ్చు...

అన్న: రొయ్య విరగదబ్బాయ్, తేలుతుంది. నిరుడు తెల్లారుజామున మూడింటికి కరెంటు పోయింది. ఆ ఏరియేటర్ల మోత మధ్య హాయిగా నిద్రపోతామా, మోత ఆగితే మెలకువ వచ్చేస్తుంది. టార్చి వేస్తే గట్టు పొడుగూతా రొయ్యలు, ఊపిరాడక అంచుకొచ్చి మీసాలు పైకెత్తి. జనరేటరు డీజిల్ తాగింది గానీ అంటుకోలా.

చిన్నా: ...ఎంత పోయింది?

అన్న: ఆ లెక్క మీ వదినకి కూడా చెప్పలా.

చిన్నా: కంప్రెసర్ల గురించి అసలు మాట్లాడనే లేదన్నా.

అన్న: ఆ టీ ఇటియ్యి ముందు. అయినా వాణ్ణి ఎదురు తిప్పమన్నదెవరు, చెప్పు?