గోడ పూర్తికాని కణవిభజన

అందరికీ నమస్కారం.

వేరుముడి నులిపురుగు పట్టిన టమాటా మొక్కను పీకి చూస్తే వేళ్లన్నీ బుడిపెలే. పురుగు ఆ బుడిపెను తిని బతుకుతోందని చాలామంది అనుకుంటారు. అది తినేది బుడిపెను కాదు. లోపల దాని తల చుట్టూ ఉండే ఐదారు కణాలే దానికి తిండి. ఈరోజు మాట్లాడబోయేది వాటి గురించే.

గుడ్డులోంచి బయటపడిన పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొనకు కాస్త ఎగువన లోపలికి దూరుతుంది. అది చేరాల్సింది వేరు నడిమధ్యలో నీరు, ఆహారం పారే నాళికల దగ్గరికి. కానీ వాటి చుట్టూ ఉన్న కణాల పొరలో సందులన్నీ గట్టిగా మూసి ఉంటాయి. అందుకని పురుగు కణాలను చీల్చకుండా, వాటి సందుల్లోంచి జారుకుంటూ ముందు కొన వైపే దిగుతుంది. ఆ పొర అక్కడ ఇంకా తయారై ఉండదు. అక్కడ యూ టర్న్ కొట్టి నాళికల మధ్యకు ఎక్కుతుంది. మెదడని చెప్పుకోవడానికి కాసిన్ని నాడీకణాలున్న జీవికి ఈ తెలివి ఎక్కువే!

అక్కడ తగిన కణాలను ఎంచుకుని, నోట్లోని సూదితో వాటి గోడను గుచ్చి, తన గ్రంథుల్లో తయారైన ప్రొటీన్లను వదులుతుంది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

మామూలు కణవిభజనలో ముందు డీఎన్ఏ రెట్టింపవుతుంది, తర్వాత కేంద్రకం రెండవుతుంది. ఆపైన రెండు కేంద్రకాల మధ్య కొత్త గోడ మొదలై, నడిమి నుంచి అంచులకు పెరిగి, పాత గోడలకు అతుక్కుంటుంది. పురుగు గుచ్చిన కణంలో మొదటి రెండు పనులూ సవ్యంగానే జరుగుతాయి. గోడ కూడా మొదలవుతుంది. కానీ వంకరటింకరగా కాస్త సాగి ఆగిపోతుంది, అంచులను అందుకోదు. వాటాలు పంచుకుందామని అడ్డుగోడ లేపి, సగంలో వదిలేసిన ఇల్లులా ఉంటుంది ఆ కణం. కేంద్రకం మళ్లీ చీలుతుంది, గోడ మళ్లీ ఆగుతుంది. ఇలా ఒకే కణంలో 100 దాకా, ఒక్కోసారి అంతకు మించి కేంద్రకాలు పోగవుతాయి. తర్వాత కేంద్రకాలు చీలడం కూడా మానేసి, లోపల డీఎన్ఏను మాత్రం రెట్టింపు చేసుకుంటూ ఉబ్బుతాయి. చివరికి ఆ కణం పక్కనున్న మామూలు నాళికా కణాల కంటే 400 రెట్ల దాకా పెరగవచ్చు. దీన్నే మహాకణం అంటారు.

మరి బుడిపె? మహాకణాల చుట్టూ ఉన్న కణాలు మాత్రం గోడలు కట్టుకుంటూ మామూలుగానే విభజన చెందుతాయి, కాకపోతే అతిగా. బయటికి కనిపించే వాపు చాలావరకు వాటిదే.

వేళ్లనే పట్టే మరో రకమైన సిస్ట్ నులిపురుగుల దారి వేరు. అవి కణాలను పొడుచుకుంటూనే లోపలికి పోతాయి. ఎంచుకున్న కణానికీ పక్క కణాలకూ మధ్య ఉన్న గోడలను కరిగిస్తాయి. వందల కణాలు కలిసి ఒక్కటైపోతాయి. అందులో కేంద్రకాలు చీలవు, ఉబ్బుతాయంతే. మహాకణంలో గోడ పూర్తికాదు, ఇక్కడ కట్టిన గోడే కరుగుతుంది. రెండు దారుల్లోనూ పురుగుకు దక్కేది మాత్రం అనేక కేంద్రకాలతో నిండిన పెద్ద కణమే. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కపై చేసి, 1999లో వెలువరించిన ప్రయోగాల్లో డీఎన్ఏ తయారీని మందుతో ఆపితే రెండు రకాల పురుగులకూ తిండి కణాల ఎదుగుదల నిలిచిపోయింది.

పురుగు చస్తే మహాకణాలు కూడా క్షీణిస్తాయి. అంటే ఒకసారి మీట నొక్కి ఊరుకుంటే సరిపోదు, సంకేతాలు అందుతూనే ఉండాలి. వేరులో తిండి చాలకపోతే పిల్లల్లో చాలావరకు మగపురుగులుగా మారి, వేరు వదిలి మట్టిలోకి వెళ్లిపోతాయి. ఆడపురుగుకు ఆ అవకాశం లేదు. ఉబ్బిన ఒళ్లుతో ఉన్నచోటే ఉండి వందల గుడ్లు పెడుతుంది.

ఈ దోపిడీని మొక్క మొదట్లోనే అడ్డుకోగలదా? అడవి టమాటా నుంచి సాగు రకాల్లోకి తెచ్చిన ఎంఐ జన్యువు చేసే పని అదే. పురుగు గుచ్చిన కణాలు మహాకణాలు కాకముందే తమంతట తాము చచ్చిపోతాయి, పురుగుకు తిండి దొరకదు. ఒక్కటే చిక్కు: నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ జన్యువు సరిగా పనిచేయదు, నులిపురుగుకేమో వెచ్చటి నేలే ఇష్టం.