ఎమిట్స్‌బర్గ్ బడిలో విశ్వాసం, సేవ

సభకు విచ్చేసిన గురువులకు, సిస్టర్లకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు వందనాలు.

కథోలిక ప్రాథమిక పాఠశాలలో విశ్వాసం ఎక్కడ కనబడుతుందని ఎవరైనా అడిగితే మనం ఉదయపు ప్రార్థననూ, గోడమీది సిలువనూ, సత్యోపదేశపు తరగతినీ చూపిస్తాం. అవన్నీ ఉండవలసినవే. అయితే ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు ఆ బడిలో చోటు ఎలా దొరుకుతోంది, ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారు అని అడిగినప్పుడు వచ్చే జవాబులో నాకు విశ్వాసం మరింత స్పష్టంగా కనబడుతుంది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, ఎమిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో, 1810 ఫిబ్రవరి 22న మొదలైన బడి చరిత్ర చదివాక నాకు కలిగిన అభిప్రాయమిది.

ఆ బడిని నెలకొల్పిన ఎలిజబెత్ ఆన్ సేటన్ 1774లో న్యూయార్క్‌లో, ఎపిస్కోపల్ అనే ప్రొటెస్టంట్ సంఘానికి చెందిన కలిగిన కుటుంబంలో జన్మించారు. చిన్నపిల్లలున్న పేద వితంతువులను ఆదుకోవడానికి 1797లో ఆ నగరంలో ఒక సంఘం ఏర్పడినప్పుడు, దానికి పూనుకున్న స్త్రీలలో ఆమె ఒకరు. ఆరేళ్లు గడిచేసరికి భర్త వ్యాపారం దివాలా తీసింది; ఆరోగ్యం కుదుటపడుతుందన్న ఆశతో వెళ్లిన ఇటలీలోనే 1803 డిసెంబరులో ఆయన క్షయతో కన్నుమూశారు. ఐదుగురు బిడ్డల తల్లి అయిన ఆమె, తాను నిన్నటిదాకా ఎవరికోసం చందాలు పోగుచేశారో ఆ వితంతువులలో ఒకరైపోయారు. ఆమె బడిని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి మరచిపోకూడదు. లేమి ఎలాంటిదో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇటలీలో ఆశ్రయమిచ్చిన కుటుంబం భక్తిని దగ్గరగా చూసిన ఆమె, తిరిగివచ్చాక 1805లో కథోలిక సంఘంలో చేరారు. దానితో అయినవారిలో పలువురు దూరమయ్యారు. 1808లో బాల్టిమోర్‌లో ఆడపిల్లలకు చిన్న బడి నడిపి, మరుసటి ఏడాది ఎమిట్స్‌బర్గ్ చేరి, ఇరుకైన ఒక పాత రాతి ఇంట్లో కొద్దిమంది స్త్రీలతో మఠజీవితం ఆరంభించారు. ఆ మరుసటి ఏడాది అక్కడే బడి తెరిచారు. సిస్టర్లు నడిపిన ఉచిత కథోలిక బాలికల పాఠశాలల్లో అమెరికాలో ఇదే మొదటిదని చెబుతారు.

డబ్బు మాటకు వద్దాం. ఊరి పేదపిల్లల దగ్గర రుసుము తీసుకోరు. సిస్టర్లకు జీతాలు లేవు. అయినా తిండికీ, కట్టెలకూ, పుస్తకాలకూ ఖర్చు తప్పదు. బడి తెరిచిన 1810 వేసవిలోగానే, స్తోమత ఉన్న ఇళ్ల నుంచి వచ్చి అక్కడే ఉండి చదువుకునే పిల్లలను రుసుముతో చేర్చుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు కట్టిన సొమ్ము బడి మొత్తాన్నీ నిలబెట్టింది. ఉన్నవాళ్ల ఫీజుతో లేనివాళ్ల చదువు సాగించిన ఈ ఏర్పాటును కొందరు కేవలం వ్యవహార జ్ఞానం అనవచ్చు. నేను మాత్రం దాన్ని ప్రార్థనతో సమానంగా లెక్కిస్తాను. ఆ సంవత్సరాల్లోనే, 1812లో పెద్ద కూతురు అన్నా మరియ, 1816లో చిన్న కూతురు రెబెక్కా చనిపోయారు. తల్లి పని మానలేదు. 1821 జనవరి 4న, నలభై ఆరేళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. 1975లో ఆరవ పౌలు పాపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అమెరికాలో పుట్టినవారిలో ఆ గౌరవం మొదట దక్కింది ఆమెకే.

ఈ కథలో మరొక పేరు కూడా చెప్పకపోతే సత్యం సగమే చెప్పినట్టవుతుంది. అప్పటి మేరీలాండ్‌లో బానిసత్వం చట్టబద్ధం. బాల్టిమోర్‌లో నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ బడులు లేవు. కరీబియన్ ప్రాంతం నుంచి వచ్చిన ఎలిజబెత్ లాంగ్ అనే నల్లజాతి మహిళ తన ఇంట్లోనే ఆ పిల్లలకు ఉచితంగా చదువు చెప్పి, 1828లో బడి నెలకొల్పి, 1829లో తోటివారితో కలిసి అబ్లేట్ సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్ అనే మఠసభను స్థాపించారు. ఆ బడి వారసత్వం సెయింట్ ఫ్రాన్సిస్ అకాడమీ పేరుతో నేటికీ కొనసాగుతోంది.

మన గుంటూరుకు 1904లో నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. (యేసు, మరియ, యోసేపు) సభ సిస్టర్లు వచ్చారు. అలాంటి మఠాల బడుల వల్లనే ‘కాన్వెంటు’ అన్న మాట తెలుగులో పాతుకుపోయింది. ఇవాళ వీధి వీధినా ఫీజు వసూలు చేసే ప్రతి ఇంగ్లీషు మీడియం బడినీ కాన్వెంటు అంటున్నాం. ఆ మాటలోని మఠం మన స్ఫురణలోంచి జారిపోతోంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. అందుకే మన విచారణ (పారిష్) పాఠశాలల యాజమాన్యాలకు ఒక విన్నపం చేస్తున్నాను: వచ్చే జూన్‌లో ప్రవేశాలు ఆరంభించే ముందు, రుసుము లేకుండా ఎందరు పిల్లలను చేర్చుకోగలమో మొదట తేల్చుకుని, మిగిలిన సీట్ల లెక్క ఆ తరువాత వేయండి.