"299" అని చెప్పి దిగిపోయాడు: కన్సోల్ లాంచ్‌లు ఎలా గెలుస్తాయి, ఎలా మునుగుతాయి

నమస్తే అండి. కొత్త కన్సోల్ ఏదైనా ప్రకటించగానే మనమంతా ముందు చూసేది ప్రాసెసర్, గ్రాఫిక్స్, స్టోరేజ్. అది లాంచ్‌లో నిలబడుతుందా లేదా అన్నది వాటిని బట్టి దాదాపు తెలియదు. మరి దేన్ని బట్టి తెలుస్తుంది? ఎక్కువగా జపాన్ గేమ్ కంపెనీ సెగా కథతో చెప్తాను. గేమింగ్ చరిత్రలో ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

1995 మే 11. లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వీడియో గేముల ఎగ్జిబిషన్ మొట్టమొదటిసారి జరుగుతోంది. సెగా అమెరికా అధిపతి టామ్ కాలిన్‌స్కీ స్టేజ్ ఎక్కాడు. సెగా కొత్త కన్సోల్ శాటర్న్ సెప్టెంబర్ 2న వస్తుందని అప్పటికే అందరికీ చెప్పి ఉంచారు. ఈయనేమో "అది ఇవాళే షాపుల్లో ఉంది, ధర 399 డాలర్లు" అని ప్రకటించాడు. వినడానికి భలే ఉంది కదా? అదే రోజు సోనీ వంతు వచ్చింది. స్టీవ్ రేస్ అనే అధికారి మైక్ దగ్గరికి వచ్చి "299" అన్నాడు. అంతే, దిగి వెళ్లిపోయాడు. ప్లేస్టేషన్ ధర అది. హాలంతా చప్పట్లు.

ఈ వంద డాలర్ల తేడాతోనే శాటర్న్ పోయిందని చాలామంది చెప్తారు. అది సగం నిజమే. మిగతా సగం ఆ స్టేజ్ వెనక ఉంది.

ముందు షాపుల సంగతి చూడండి. నాలుగు నెలల ముందే అమ్మకానికి పెట్టాలంటే సరిపడా స్టాక్ ఉండాలిగా? లేదు. ఉన్న కొద్ది కన్సోళ్లనూ టాయ్స్ ఆర్ అస్ అనే బొమ్మల షాపులతో కలిపి నాలుగు చెయిన్లకే ఇచ్చారు. మిగతా వాళ్లకు ముందుగా ఒక్క మాట కూడా చెప్పలేదు. వాళ్లకు ఒళ్లు మండింది. కేబీ టాయ్స్ అయితే సెగా సరుకు అమ్మడమే మానేసింది. కన్సోల్‌ని షాపువాడే కస్టమర్ చేతిలో పెట్టాలి, ఇంటర్నెట్‌లో కొనే రోజులు కావవి. సెప్టెంబర్‌లో ప్లేస్టేషన్ వచ్చేసరికి అలిగిన ఆ షాపులన్నీ సోనీని ముందు వరసలో పెట్టాయి.

ఇక గేములు తీసేవాళ్లు. బయటి కంపెనీలన్నీ సెప్టెంబర్ తేదీ చూసుకుని పని చేస్తున్నాయి. హఠాత్తుగా మే నెలలో లాంచ్ అంటే వాళ్ల దగ్గర ఏముంటుంది? అందుకే మొదటి రోజు ఉన్నవి ఆరు గేములే, ఆరూ సెగావే. తర్వాత వేసవంతా కొత్త గేములు దాదాపు రాలేదు. 399 డాలర్లు పోసి కొన్నవాడు ఆ ఆరూ ఆడేశాక ఏం చేయాలి?

దానికి తోడు శాటర్న్ మీద ప్రోగ్రామింగ్ చేయడం పెద్ద తలనొప్పి. అందులో రెండు ప్రధాన ప్రాసెసర్లు ఉన్నాయి, హిటాచీ ఎస్‌హెచ్-2 రకం. రెండూ ఒకే మెమరీ కోసం కొట్టుకుంటాయి కాబట్టి వాటికి పని పంచడం ఒక కళ. పైగా అది త్రీడీ బొమ్మల్ని నాలుగు మూలల ముక్కలతో కడుతుంది. ప్లేస్టేషన్ త్రికోణాలతో కడుతుంది. ఆ తర్వాత పరిశ్రమంతా త్రికోణాల దారే పట్టింది. సోనీ అయితే సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెడీమేడ్ లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కూడా చేతికిచ్చింది. చిన్న టీమ్ కూడా తొందరగా గేమ్ నడిపించుకోగలిగేది. కాగితం మీద శాటర్న్ తక్కువ మెషీన్ కాదు, తెలిసినవాళ్ల చేతిలో అద్భుతాలు చేసింది. తెలిసినవాళ్లే తక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇదే శాటర్న్ జపాన్‌లో బాగా అమ్ముడైంది. అక్కడ 1994 నవంబర్‌లో వచ్చింది, పక్కనే వర్చువా ఫైటర్ ఉంది. జపాన్ ఆర్కేడ్లలో, అంటే డబ్బులేసి గేములు ఆడే సెంటర్లలో, అప్పుడు ఆ గేమ్ ఊపేస్తోంది. మెషీన్ ఒకటే, ఫలితం వేరు. మెషీన్ బాగాలేక పోయిందనే వాదన ఇక్కడ చెల్లదు.

అమెరికాలో సెగాకి అంతకుముందే ఒక దెబ్బ తగిలి ఉంది. 1994 నవంబర్‌లో 32ఎక్స్ అని ఒక పరికరం అమ్మారు. పాత జెనెసిస్ కన్సోల్ మీద తగిలించుకుంటే 32-బిట్, అంటే కొత్త తరం గేములు ఆడొచ్చు, ధర 159 డాలర్లు. ఆరు నెలలకే శాటర్న్ వచ్చేసింది. 32ఎక్స్‌కి నలభై గేములు మాత్రమే వచ్చాయి, 1996లో దాన్ని వదిలేశారు. కొన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. క్రిస్మస్‌కి కొనిచ్చిన తండ్రి మళ్లీ వచ్చే ఏడాది సెగా డబ్బా కొంటాడా?

అసలు విషయం ఇదే. మొదటి రోజు కన్సోల్ కొనడమంటే చీటీ కట్టడం లాంటిది. చేతికి వచ్చేది కొంచెమే, మిగతాదంతా ముందు నెలల్లో రావాలి. నడిపేవాడి మీద నమ్మకంతోనే డబ్బు కడతాం.

ఇప్పుడు ఈ నమ్మకానికి పరీక్ష పెట్టే కేసు చూద్దాం. 1999 సెప్టెంబర్ 9, అమెరికాలో సెగా డ్రీమ్‌కాస్ట్ లాంచ్. తొమ్మిది, తొమ్మిది, తొంభై తొమ్మిది అని ప్రచారం దద్దరిల్లింది. పాత తప్పులన్నీ దిద్దుకుని వచ్చారు. ధర 199 డాలర్లు. మొదటి రోజే 18 గేములు. ఇంటర్నెట్ కోసం మోడెమ్ లోపలే ఉంది. ప్రోగ్రామర్లకు సులువు. ఒక్క రోజులో రెండు లక్షలకు పైగా కన్సోళ్లు అమ్ముడయ్యాయి. లాంచ్ ఎలా చేయాలో నేర్పే క్లాసుంటే ఇదే మొదటి పాఠం.

పదహారు నెలలు తిరిగాయి. 2001 జనవరి 31న సెగా కన్సోళ్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది.

మధ్యలో వచ్చింది ప్లేస్టేషన్ 2. దాని లాంచ్ చూస్తే నవ్వొస్తుంది. 2000 అక్టోబర్ 26న అమెరికాలో వచ్చింది, ధర 299. పది లక్షలు ఇస్తామన్న సోనీ విడిభాగాల కొరతతో ఐదు లక్షలే తెచ్చింది. మొదటి గేముల్లో గొప్పవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రోగ్రామింగ్ కూడా కష్టమే. అయినా జనం దానికోసం డ్రీమ్‌కాస్ట్ కొనకుండా ఆగారు. డీవీడీ ఆడుతుంది, పాత ప్లేస్టేషన్ డిస్కులూ ఆడతాయి. అంటే సోనీ దగ్గర అంతకుముందు పెట్టిన డబ్బు వృథా కాలేదు. సెగా దగ్గర 32ఎక్స్‌తో, శాటర్న్‌తో రెండుసార్లు అయింది. పెద్ద కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కూడా డ్రీమ్‌కాస్ట్‌కి ఒక్క గేమూ ఇవ్వలేదు. అమెరికాలో స్పోర్ట్స్ గేములంటే వాళ్లే మరి. చివరికి పీఎస్2 అమ్మకాలు 16 కోట్లకు చేరాయి, డ్రీమ్‌కాస్ట్ కోటి దాటలేదు. సెగా ఛైర్మన్ ఇసావో ఓకావా చనిపోయే ముందు దాదాపు 69.5 కోట్ల డాలర్ల విలువైన తన సొంత షేర్లు కంపెనీకి రాసిచ్చాడు. సెగా బతికి గేముల కంపెనీగా మిగిలింది అంటే అందులో ఆయన చలవ చాలా ఉంది.

మరి లాంచ్ చెడితే ఇక కథ ముగిసినట్టేనా? కాదండి. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ 2011 మార్చిలో అమెరికాలో 249.99 డాలర్లకు వచ్చింది. చెప్పుకోదగ్గ కొత్త మారియో గేమ్ లేదు, జనం కొనలేదు. ఆరు నెలలైనా కాకముందే, ఆగస్టులో 169.99కి దించేశారు. మామూలుగా అయితే ముందు కొన్నవాళ్లు నెత్తీనోరూ కొట్టుకోవాలి. నింటెండో వాళ్లకు ఇరవై పాత గేములు ఉచితంగా ఇచ్చింది. ప్రెసిడెంట్ సతోరు ఇవాటా తన జీతాన్ని సగానికి కోసుకున్నాడు. ఏడాది చివర్లో సూపర్ మారియో 3డీ ల్యాండ్, మారియో కార్ట్ 7 వచ్చాయి. 3డీఎస్ చివరికి ఏడున్నర కోట్లు దాటింది. 32ఎక్స్ కొన్నవాళ్లకు జరిగింది, 3డీఎస్ కొన్నవాళ్లకు జరిగింది పక్కపక్కన పెట్టి చూడండి.

అదే నింటెండో మరుసటి ఏడాది వీ యూ అనే కన్సోల్‌తో బోల్తా పడింది. నింటెండోదే పాత కన్సోల్ వీకి ఇదేదో కొత్త కంట్రోలర్ అనుకున్నారు చాలామంది. అది వేరే కన్సోల్ అని అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఇంకేం అమ్ముతారు?

చివరిగా 2013. మైక్రోసాఫ్ట్ మే 21న ఎక్స్‌బాక్స్ వన్ చూపించింది. గేముల కంటే టీవీ గురించి ఎక్కువ మాట్లాడింది. రోజుకొకసారి ఇంటర్నెట్‌కి తగిలించాలి, పాత డిస్కుల అమ్మకం మీద ఆంక్షలు ఉంటాయి అని తేలేసరికి జనం మండిపడ్డారు. జూన్‌లో ఈ3కి వచ్చారు. ఎక్స్‌బాక్స్ వన్ 499, ప్లేస్టేషన్ 4 399. మళ్లీ అదే వంద డాలర్లు! సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. పీఎస్4 గేమ్‌ని ఫ్రెండ్‌కి ఎలా ఇవ్వాలి అంటూ ఒకాయన పక్కాయన చేతికి డిస్క్ ఇస్తాడు. వీడియో మొత్తం అంతే. జూన్ 19కల్లా మైక్రోసాఫ్ట్ ఆ నియమాలన్నీ వెనక్కి తీసుకుంది.

నవంబర్‌లో రెండూ వచ్చాయి. మొదటి ఇరవై నాలుగు గంటల్లో పీఎస్4 పది లక్షలు, ఎక్స్‌బాక్స్ వన్ కూడా పది లక్షలు. పీఎస్4 ఆ లెక్క ఒక్క ఉత్తర అమెరికాలోనే కొట్టింది, ఎక్స్‌బాక్స్‌కి 13 దేశాలు కావాల్సి వచ్చాయి. అందుకే "మొదటి రోజు మిలియన్" లాంటి హెడ్డింగులు చూసినప్పుడు, ఎన్ని దేశాల్లో అని అడగండి.

చివరికి ఆ పోటీలో ఎక్స్‌బాక్స్ ఓడింది. ఆ ఓటమి గురించి అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023లో చెప్పిన మాట గుర్తుపెట్టుకోండి. ఓడకూడని తరంలో ఓడామన్నాడు, ఎందుకంటే జనం తమ డిజిటల్ గేముల లైబ్రరీ కట్టుకున్నది అప్పుడే. పీఎస్4లో కొన్న గేములు దాదాపు అన్నీ పీఎస్5లో ఆడతాయి. పీఎస్5 మన దేశానికి మిగతా ప్రపంచం కంటే రెండు నెలలకు పైగా ఆలస్యంగా, 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అప్పుడు డిస్క్ మోడల్ ధర 49,990 రూపాయలు. జనవరి 12న ప్రీ-ఆర్డర్లు తెరిస్తే నిమిషాల్లో ఖాళీ అయ్యాయి. అప్పుడు రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు అప్పటికే పీఎస్4 ఉందో లేదో కింద రాయండి.