చేతులు తీసేశాక కనిపించిన జింక

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? టైమ్ తెల్లవారుజామున ఐదున్నర. అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో మూడింటికి బయల్దేరి, టూసాన్ దాటి, ఇదిగో శాంటా రీటా కొండల కింద కారు ఆపాం. వెనకాల నల్లగా కనిపిస్తోంది చూడండి, అదే మౌంట్ రైట్‌సన్, 9,453 అడుగులు. చుట్టూ ఎడారి, మధ్యలో దీవుల్లా ఇలాంటి కొండలు. అందుకే ఇక్కడివాళ్ళు వీటిని స్కై ఐలండ్స్ అంటారు.

ఈ ఏడాది లాటరీ డ్రాలో మా ఆయనకు కూస్ డీర్ ట్యాగ్ వచ్చింది. ట్యాగ్ అంటే ఫలానా ప్రాంతంలో, ఫలానా తేదీల్లో ఒక్క జింకను వేటాడటానికి ఇచ్చే అనుమతి. ఎన్ని ట్యాగ్‌లు ఇవ్వాలో అరిజోనా గేమ్ అండ్ ఫిష్ కమిషన్ నిర్ణయిస్తుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం కాబట్టి, ఇది అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది. రైఫిల్ మా ఆయనది. నేను దాన్ని ముట్టుకోను. జింకను వెతికే పని మాత్రం నాది, అది నాకు ప్రాణం.

కూస్ డీర్ చాలా చిన్న జింక. మగది కూడా నలభై ఐదు కిలోలు దాటడం అరుదు. 1864లో అరిజోనాలోని ఫోర్ట్ విపుల్‌కి వచ్చిన ఎలియట్ కూస్ అనే సైనిక వైద్యుడి పేరు పెట్టారు. ఆయన పక్షి శాస్త్రవేత్త కూడా. ఈ జింక ఒళ్ళు బూడిద రంగు. ఎండిన గడ్డిలో, ఓక్ చెట్టు నీడలో పడుకుంటే రాయికీ దానికీ తేడా తెలియదు. దాని వెంట నడిచి పట్టుకోలేం. ఒకచోట కూర్చుని, ఎదుటి కొండను బైనాక్యులర్స్‌తో గంటల తరబడి జల్లెడ పట్టాలి. దీన్నే గ్లాసింగ్ అంటారు.

పోయిన డిసెంబర్‌లో ఇక్కడికే వచ్చాం. అప్పుడు బైనాక్యులర్స్ బిగించడానికి, నేను వీడియోలు తీసుకునే పాత అల్యూమినియం ట్రైపాడ్ తెచ్చాను. బరువు రెండు కిలోల పైనే, పైన బాల్ హెడ్, అంటే లాక్ వదులు చేస్తే అన్ని వైపులా తిరిగే గుండ్రటి తల. గాలి వీచినప్పుడల్లా ఎదుటి కొండంతా వణికింది. బాల్ హెడ్ లాక్ కొంచెం వదులు చేస్తే చాలు, బైనాక్యులర్స్ ముక్కు కిందికి వాలిపోయేది. అలా వాలినప్పుడే ఏదో కదిలింది. మళ్ళీ పైకి ఎత్తి వెతికేసరికి అక్కడ ఏమీ లేదు. ఇంటికి వెళ్ళేదాకా మా ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత ఆయన, "పదిహేను పవర్ బైనాక్యులర్స్ కొందామా?" అన్నారు. నేను వద్దన్నాను. పది పవర్ అంటే జింక పది రెట్లు పెద్దగా కనిపిస్తుంది, మన చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది. పదిహేను పవర్ అయితే వణుకు ఇంకా ఎక్కువ. ముందు కింద ఆసరా గట్టిగా ఉండాలి. అందుకే పాత పది పవర్ బైనాక్యులర్స్ అలాగే ఉంచుకుని, ఆ డబ్బు ట్రైపాడ్ మీద పెట్టాం.

మాది అనంతపురం జిల్లా. జొన్న చేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలే తాతయ్యను చూస్తూ పెరిగాను. చేను మొత్తం కనిపించాలంటే ముందు మంచె కదలకూడదు అనేవారు. వంటింట్లో ముక్కాలి పీట కూడా గుర్తుందా? నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా అది ఊగదు. ట్రైపాడ్ కొనేటప్పుడు ఈ రెండూ నా మనసులో ఉన్నాయి.

తేలిక అన్నది ఎక్కడ నుంచి రావాలి అన్నదే అసలు ప్రశ్న. వీపు మీద నీళ్ళే నాలుగు లీటర్లు, అంటే నాలుగు కిలోలు. వాటిని తగ్గించలేం. అలాగని సన్నటి కాళ్ళ ట్రైపాడ్ కొంటే మళ్ళీ వణుకుడే. నేను గ్లాసింగ్ అంతా కూర్చునే చేస్తాను. నేల మీద ఫోమ్ షీట్ వేసుకుని కూర్చుని, కుట్టు మిషన్ టేపుతో నేల నుంచి నా కంటిదాకా కొలిపించుకున్నాను. డెబ్భై రెండు సెంటీమీటర్లు! మరి ఐదున్నర అడుగులు లేచే ట్రైపాడ్ నాకెందుకు? ఎత్తు తగ్గించుకున్నాను, కాళ్ళ లావు తగ్గించుకోలేదు. మధ్యలో పైకి లేపే సెంటర్ కాలమ్ అసలే లేనిది తీసుకున్నాను. దాన్ని లేపితే మూడు కాళ్ళ మీద ఒంటి కర్ర నిలబెట్టినట్టే, గాలికి ముందు ఊగేది అదే. నిలబడి చూసేవాళ్ళకు మాత్రం ఈ లెక్క పనికిరాదు, వాళ్ళకు పొడవు కావాల్సిందే.

కాళ్ళు కార్బన్ ఫైబర్, కిలో కంటే కొంచెం ఎక్కువ. అల్యూమినియం కంటే ఖరీదే. కానీ అదురు త్వరగా సద్దుమణుగుతుంది, చలిలో పట్టుకుంటే చేతులు కొంకర్లు పోవు. కొనేముందు కొట్టులోనే ఒక చిన్న పరీక్ష చేశాను. బైనాక్యులర్స్ బిగించి, దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చూస్తూ, కాలిని వేలితో తట్టాను. అక్షరాలు ఎంతసేపటికి నిలకడగా కనిపిస్తాయో మనసులో లెక్కపెట్టుకున్నాను. డబ్బా మీద రాసిన బరువు సామర్థ్యం కంటే ఈ పరీక్షనే నేను నమ్ముతాను.

హెడ్ విషయంలో మాత్రం అస్సలు రాజీ పడలేదు. ప్యాన్ హెడ్డే తీసుకున్నాను, దానిదే అర కిలో. ఇది పక్కకు తిరగడం వేరు, పైకీ కిందికీ వంగడం వేరు. పైకీ కిందికీ కదలకుండా బిగించేసి, ఎడమ నుంచి కుడికి మెల్లగా ఒక వరస చూస్తాను. తర్వాత కొంచెం కిందికి దించి, పై వరసలో కొంత మళ్ళీ కనిపించేలా ఇంకో వరస. నాగలి సాలు పక్కన సాలు పోయినట్టే. బాల్ హెడ్‌తో ఈ సాళ్ళు రావు.

బైనాక్యులర్స్ బిగించడం ఎలాగో చూపిస్తాను, దగ్గరగా రండి. మధ్య కీలుకి ముందువైపు ఈ చిన్న మూత ఉంది కదా? తిప్పితే లోపల మర కనిపిస్తుంది. అందులో అడాప్టర్ బిగించి, ట్రైపాడ్ మీద పెట్టడమే. కొన్ని మోడల్స్‌కి ఈ మర ఉండదు. వాటికి పట్టీతో కట్టే రకం అడాప్టర్ దొరుకుతుంది.

ఇప్పుడు వెలుతురు వచ్చింది. వాలు మీద కూర్చున్నాం కాబట్టి రెండు కాళ్ళు పల్లం వైపు, ఒక కాలు నా వైపు. ముందు లావు గొట్టాలే తీశాను, చివరి సన్నటివి లోపలే ఉంచాను. సంచిని కింద కొక్కేనికి తగిలించాను, కానీ నేలకు ఆనుతూ ఉండాలి. గాలిలో వేలాడితే సంచి ఊగి ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది. ఇక చేతులు రెండూ తీసేసి జేబుల్లో పెట్టుకున్నాను. చూడండి, కొండ రాయిలా నిలబడింది.

...

ఎనిమిదీ నలభై. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. నాలుగో వరసలో, ఓక్ చెట్టు నీడలో, ఒక చెవి కదిలింది. చెవి ఒక్కటే! చేతుల్లో పట్టుకుని ఉంటే ఆ కదలిక నాదో దానిదో తెలిసేది కాదు. రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టినట్టు చూశాను. చెవి వెనక కొమ్ము. "ఏమండీ, ఇటు రండి, ఏదీ కదిలించకుండా చూడండి" అన్నాను. ఆయన వంగి, కళ్ళు ఆనించి చాలాసేపు చూశారు. "మగదే. ఆరు వందల మీటర్లు ఉంటుంది" అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

గాలి మా వైపు నుంచి దాని వైపే వీస్తోంది. ఇప్పుడు దిగితే మా వాసన పట్టేస్తుంది. గాలి మళ్ళేదాకా ఇక్కడే కూర్చుంటాం, అది లేచినా ఎటు వెళ్తుందో నేను చూస్తూనే ఉంటాను. మా ఆయన ఫ్లాస్క్‌లో టీ పోస్తున్నారు. కెమెరా ఆపేస్తున్నాను అండీ, ఈ మాటల చప్పుడు కూడా వద్దు.