అడగని సాయం: చారిటీ పరుగుకు సిద్ధమయ్యేవాళ్లకు కొన్ని మాటలు

అందరికీ నమస్కారం.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో ఏదో ఒక సేవాసంస్థ కోసం పరిగెత్తాలని పేరు నమోదు చేసుకున్నారు. షూల గురించి, వారానికి ఎన్ని కిలోమీటర్లన్న దాని గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఈ పూట విషయం వేరు. ఈ నాలుగు నెలల్లో మీరు నోరు తెరిచి అడగకపోయినా జనం సాయానికి వస్తారు. అందులో ఏది పుచ్చుకోవాలి, ఏది మర్యాదగా వద్దనాలి, మంచి మనసుతో చేసింది ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది చూద్దాం.

ఆగస్టు పరుగుకు పదహారు వారాల సాధన అంటే మొదలు మే నెలలో పడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకో ఐదింటికో బయటపడితే తప్ప ఎండ ముదరకముందు లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు, పూర్తికాదు. ఆ వేళ రోడ్డు మీద ఉండేది వాచ్‌మన్లు, రోడ్లు ఊడ్చే అక్కలు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాళ్లు, ఇడ్లీ బండివాళ్లు. ఒకే దారిలో వరసగా కొన్ని ఆదివారాలు కనిపిస్తే వాళ్లే పలకరిస్తారు. "కానిస్టేబుల్ సెలక్షన్లకా తమ్ముడూ?" అంటారు. ఒక్క ముక్కలో జవాబు దగ్గర పెట్టుకోండి: "లేదన్నా, క్యాన్సర్ వచ్చిన పిల్లల వైద్యానికి డబ్బు పోగుచేస్తున్నాం." ఇక ఆ వీధిలో కుక్కలు వెంటపడితే అదిలించేదీ వాళ్లే. అందుకే దారి తరచూ మార్చకండి. ఆడవాళ్లకైతే మూడు గంటల పరుగులో నీళ్ల కంటే పెద్ద సమస్య బాత్రూమ్. అపార్టుమెంటు సెల్లార్‌లోనో పెట్రోలు బంకులోనో ముందురోజే మాట్లాడి పెట్టుకోండి. అడిగితే కాదనేవాళ్లు అరుదు.

ఇక నీళ్లు. మే నెలంటే చలివేంద్రాల కాలం. తడిగోనె చుట్టిన కుండలు, పొడుగు కాడ గరిటె, పక్కన ఒక పెద్దాయన. మీ బాటిల్‌ను కుండలో ముంచకండి. ఆ నీళ్లు తాగేవాళ్లు ఇంకా వందమంది ఉంటారు. గరిటెతో పోయించుకుని దోసిలి పట్టండి. పెద్దాయన "ఇంకో రెండు గ్లాసులు తాగు బాబూ" అంటారు. అక్కడే ఆగాలి. దాహం తీరేంత వరకే తాగండి. గంటల తరబడి చెమటోడుస్తూ ఉత్త నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. వికారం, తలనొప్పి, తికమక మొదలవుతాయి. చూసేవాళ్లు దాన్ని నీరసం అనుకుని మళ్లీ నీళ్లే తాగిస్తారు, పరిస్థితి ఇంకా ముదురుతుంది.

అభిమానంతో ఓఆర్ఎస్ కలిపి తెచ్చేవాళ్లూ ఉంటారు. 20.5 గ్రాముల ప్యాకెట్‌కు సరిగ్గా లీటరు నీళ్లు. గ్లాసెడు నీళ్లలో ప్యాకెట్టంతా గుమ్మరిస్తే ఉప్పు, చక్కెర చిక్కబడి కడుపులో తిప్పుతుంది, విరేచనాలూ కావచ్చు. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు వేరే ఉన్నాయి, వెనక చదివి కలపమనండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు వేరే సరుకు. ఆ పేరు వాటికి వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. మజ్జిగ మంచిదే. కాకపోతే పరుగు మధ్యలో కొందరికి పడదు, సాధనలో తాగి చూడకుండా అసలు రోజున వద్దు. అరటిపండు ఇస్తే మాత్రం మొహమాటం లేకుండా తీసుకోండి. ఒకదానిలో దాదాపు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, గంట దాటిన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాములు కావాలి.

కాలు బెణికితే పదిమంది చేరతారు. ఒకరు బామ్ తీస్తారు, ఒకరు నరం తప్పిందని మర్దనకు దిగుతారు, మరొకరు పుత్తూరు కట్టు కట్టించుకోమంటారు. చేతులు జోడించి ఆపండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, మర్దన వద్దు, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి కాలు ఎత్తులో ఉంచండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. పిక్క పట్టేసినప్పుడు మాత్రం పక్కవాళ్ల సాయం బాగా పనికొస్తుంది: మోకాలు చాపి ఉంచి, కాలివేళ్లను నెమ్మదిగా ఒంటివైపు వంచి అర నిమిషం పట్టుకోమనండి. గుంజితే కండరం చిరుగుతుంది.

తోటివాళ్లలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతూ తూలుతుంటే అది వడదెబ్బ కావచ్చు. నోట్లో నీళ్లు పోయొద్దు. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి, 108కి ఫోన్ చేయండి. వంద రూపాయలకు ఐసు ఇమ్మంటే చెరుకురసం బండివాళ్లు అసలు డబ్బే తీసుకోరు.

డబ్బు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఇస్తారనుకున్న దగ్గరివాళ్లు "చూద్దాంలే" అనడం, టీకొట్టు బాబాయి యాభై నోటు చేతిలో పెట్టడం మామూలే. ఆ యాభైని చిన్నచూపు చూడకండి. అప్పటికప్పుడు పేరు రాసుకుని, ఆ సాయంత్రమే సంస్థ ఖాతాలో వేసి, మర్నాడు ఫోన్‌లో చూపించండి. యూపీఐ ద్వారా ఇచ్చేవాళ్లకు సంస్థ క్యూఆర్ కోడ్ చూపించండి, మీ సొంత నంబరు వద్దు. పన్ను మినహాయింపు కావాలనేవాళ్ల పాన్ వివరాలు తీసుకోండి. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ లేదు.

డల్లాస్ పిన్ని వంద డాలర్లు పంపుతానంటే ఒక ప్రశ్న అడగండి: "పిన్నీ, నీది ఏ పాస్‌పోర్టు?" భారత పౌరురాలైతే తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా మామూలుగానే పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. "నీ అకౌంట్‌లో వేస్తా, నువ్వే కట్టెయ్" అంటే ఒప్పుకోవద్దు. ప్రేమతో పంపిన డబ్బు సంస్థ మెడకు చుట్టుకుంటుంది.

పరుగు అయిన వారంలోపు లెక్క పంపండి: మొత్తం ఎంత వచ్చింది, ఎప్పుడు జమైంది, దేనికి ఖర్చు చేస్తారు. ఫోన్ లేనివాళ్లకు కాగితం మీద రాసి చేతికివ్వండి, తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

ఇక మీ ప్రశ్నలు అడగండి.