మన పేట వార్త ఎవరు రాస్తారు?

అందరికీ నమస్కారం అండి. సెలవు రోజు అయినా ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. పేటలో జనం కలిసి పని చెయ్యడం గురించి మాట్లాడమన్నారు నన్ను, అది పెద్ద సబ్జెక్టు, నేను దాంట్లో ఒక్క ముక్కే పట్టుకుంటాను, మన పేట వార్త. ప్రపంచం వార్తలు ఫోన్లో నిమిషానికొకటి వస్తాయి, కానీ మన వీధి చివర తవ్విన గొయ్యి ఎప్పుడు పూడుస్తారు, పార్కు పక్కన ఖాళీ స్థలం ఎవరికి రాసిస్తున్నారు, నీళ్ల బిల్లు ఎందుకు పెరిగింది, ఇవి మాత్రం ఎక్కడా రావు. ఎవరో ఒకరు పనిగట్టుకుని వెళ్లి కూర్చుని రాసుకొస్తే తప్ప రావు. జనానికి పట్టదండీ, ఎవరూ ముందుకి రారండీ అంటుంటారు చాలామంది, నాకు ఆ మాట నచ్చదు. మీటింగ్ ఉందనే తెలియని మనిషి మీటింగ్‌కి ఎలా వస్తాడు చెప్పండి.

నేను ఎక్కడికెళ్లినా బెల్ అనే ఊరి సంగతి చెప్తాను, ఇక్కడా చెప్తాను. అమెరికాలో, కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌ని ఆనుకుని ఉంటుంది. పేరుకి వేరే మున్సిపాలిటీ, చూడ్డానికి మహానగరంలో ఒక పేట అంతే, 2010 జనాభా లెక్కల్లో 35 వేల పైచిలుకు మంది, ఎక్కువ భాగం రెక్కాడితే గానీ డొక్కాడని వలస కుటుంబాలు. ఆ ఊరి ఆఫీసు నడిపే పెద్ద అధికారిని సిటీ మేనేజర్ అంటారు, ఎన్నికైన మనిషి కాదు, జీతగాడు. 2010 జూలైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ రిపోర్టర్లు ఇద్దరు, రూబెన్ వివెస్, జెఫ్ గాట్లీబ్, పక్క ఊరు మేవుడ్ గురించి ఆరా తీస్తూ తీస్తూ బెల్ జీతాల కాగితాలు అడిగారు. సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో జీతం ఏడాదికి 7,87,637 డాలర్లు. అప్పట్లో ఆ దేశ అధ్యక్షుడి జీతం 4 లక్షలు! కౌన్సిల్ మెంబర్లు ఐదుగురు ఉంటే వాళ్లలో నలుగురు పార్ట్ టైమ్ పనికి ఏడాదికి దగ్గర దగ్గర లక్ష డాలర్లు తీసుకుంటున్నారు. ఎలా తీసుకున్నారంటే, రకరకాల బోర్డులు పెట్టి వాటిల్లో వాళ్లే మెంబర్లుగా కూర్చుని ఒక్కో బోర్డుకీ వేరేగా డబ్బులు, ఆ బోర్డుల మీటింగులేమో ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేవి, కొన్ని అసలు జరగనే లేదు. అదంతా కట్టింది ఎవరు, ఆ కూలీ కుటుంబాలే, ఆ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిది, ఎక్కువ ప్రాపర్టీ టాక్స్ కట్టే ఊళ్లలో అదొకటి.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు కథ 2005లో ఉంది. కౌన్సిల్ మెంబర్ల జీతానికి రాష్ట్ర చట్టం ఒక హద్దు పెడుతుంది, ఊరు సొంత చార్టర్, అంటే తన పాలన నియమాలు తనే రాసుకుంటే ఆ హద్దు వర్తించదు. ఆ చార్టర్ కోసం బెల్‌లో స్పెషల్ ఎన్నిక పెట్టారు, 400 మంది కూడా ఓటెయ్యలేదు. పైకి చూస్తే అంతా చట్టప్రకారమే అన్నట్టు ఉంది, ఎన్నిక జరిగింది, కాగితాలున్నాయి, తీర్మానాలున్నాయి. అయితే ఆ కౌన్సిల్ హాల్లో క్రమం తప్పకుండా కూర్చునే విలేకరి ఒక్కడూ లేడు, ఓటరుకి ఈ చార్టర్ అంటే ఏంటో విడమరిచి చెప్పిన మనిషి లేడు. ఐదేళ్లు అలా నడిచిపోయింది. వార్త బయటికొచ్చాక ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. వారం రోజులు తిరక్కుండానే జనం కౌన్సిల్ హాల్ నిండా వచ్చి నిలబడ్డారు, రిజ్జో రాజీనామా చేశాడు, 2011 మార్చిలో రీకాల్ ఎన్నిక, అంటే పదవిలో ఉన్నవాళ్లని మధ్యలోనే దింపే ఎన్నిక, పెట్టించి పాత కౌన్సిల్‌ని ఇంటికి పంపారు, 2014లో రిజ్జోకి 12 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2005లో పోలింగ్‌కి రానివాళ్లే 2010లో హాల్లో నిలబడ్డది. ఊరు అదే, ఇళ్లు అవే. మధ్యలో వచ్చిందల్లా ఒక వార్త. అందుకే జనానికి పట్టదు అనే మాట నాకు మింగుడుపడదు.

ఇది ఒక్క ఊరి ముచ్చటే అనుకోకండి. అమెరికాలోనే సిన్సినాటి పోస్ట్ అని ఒక పేపరు 2007 డిసెంబర్ 31న మూతపడింది, చివర్లో దాని సర్క్యులేషన్ 27 వేలే, అంటే చిన్న పేపరు కిందే లెక్క. అయినా అది మూతపడ్డాక అది బాగా కవర్ చేసే శివారు ఊళ్లలో లోకల్ ఎన్నికల్లో పోటీ చేసేవాళ్లు తగ్గారు, ఓట్లేసేవాళ్లు తగ్గారు, ఉన్నవాళ్లే మళ్లీ గెలవడం పెరిగింది అని ఇద్దరు ఎకనామిస్టులు లెక్కతీసి చూపించారు. 2009లో డెన్వర్లో రాకీ మౌంటెన్ న్యూస్ మూసేశారు, సియాటిల్‌లో పోస్ట్ ఇంటెలిజెన్సర్ ప్రింట్ ఆపేశారు, 2008తో పోలిస్తే 2009లో ఆ రెండు నగరాల్లోనూ పౌర కార్యక్రమాల్లో జనం పాల్గొనడం పడిపోయింది, మిగతా పెద్ద నగరాల్లో అంత పడిపోలేదు. ఇంకో లెక్క ఉంది, అది వింటే డబ్బు గురించే ఆలోచించేవాళ్లు కూడా చెవి పెడతారు, లోకల్ పేపరు మూతపడ్డ చోట మున్సిపాలిటీ తెచ్చుకునే అప్పు మీద వడ్డీ 0.05 నుంచి 0.11 శాతం దాకా పెరిగిందని తేలింది. కాపలా లేని ఊరికి అప్పిచ్చేవాడు భయపడి ఎక్కువ వడ్డీ అడుగుతాడు, అది చివరికి మన పన్నులోంచే పోతుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి, ప్రాణం సంగతి చూద్దాం. 1995 జూలైలో షికాగోలో భయంకరమైన వడగాడ్పులు వీచాయి, ఆ కొద్ది రోజుల్లో మామూలు కంటే 739 మంది ఎక్కువ చనిపోయారు, చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, తలుపులు వేసుకుని లోపలే పోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సోషియాలజిస్ట్ రెండు పేటలు పోల్చి చూశాడు, నార్త్ లాండేల్, సౌత్ లాండేల్, పక్కపక్కనే, రెండూ పేద పేటలే, రెండిట్లోనూ ఒంటరి ముసలివాళ్లు ఉన్నారు. మొదటిదాంట్లో లక్ష మందికి 40 చావులు, రెండోదాంట్లో లక్షకి 4. రెండోదాంట్లో వీధులు రద్దీగా ఉండేవి, షాపులు తెరిచి ఉండేవి, ముసలాయన బయటికి వచ్చేవాడు, రెండ్రోజులు కనపడకపోతే ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. మొదటిదాంట్లో చాలా ఇళ్లూ షాపులూ ఖాళీ, బయటికి రావాలంటే భయం. పక్కింటి సంగతి మనకి తెలియడం కూడా వార్తేనండీ, నేను దాన్ని కౌన్సిల్ తీర్మానం కంటే చిన్న వార్తగా చూడను.

అదే షికాగోలో 1997లో ఇంకో పెద్ద సర్వే రిపోర్టు వచ్చింది, 343 పేటల్లో 8,782 మందిని అడిగారు. వాళ్లు అడిగిన ప్రశ్నలు నాకు భలే నచ్చుతాయి. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూల తిరుగుతుంటే మీ పేటవాళ్లు ఎవరైనా ఆపుతారా? మీ దగ్గర్లో ఫైర్ స్టేషన్‌కి బడ్జెట్ కోస్తామంటే కలిసి ఏమైనా చేస్తారా? అవును చేస్తారు అని ఎక్కువమంది చెప్పిన పేటల్లో, అంతే పేదరికం ఉన్నా సరే, గొడవలు, కొట్లాటలు తక్కువ. మరి ఫైర్ స్టేషన్ బడ్జెట్ కోస్తున్నారని మనకి ముందు తెలియాలి కదా.

ఇప్పుడు చాలామంది మనసులో ఉన్న మాట నాకు తెలుసు, మాకు వాట్సాప్ గ్రూప్ ఉంది కదండీ అని. ఉంది, ఉండాలి కూడా, కరెంటు పోతే ముందు తెలిసేది అక్కడే. కాకపోతే అక్కడ ఫార్వర్డ్ ఎక్కువ, వార్త తక్కువ. పుకార్ల దెబ్బకి ఆ కంపెనీయే 2019 జనవరి నుంచి ప్రపంచమంతా ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్లకి మించి పంపకుండా లిమిట్ పెట్టాల్సి వచ్చింది. "రేపటి నుంచి ఆ రోడ్డు మూసేస్తారంట" అన్నది వార్త కాదు. ఏ రోడ్డు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఎవరు చెప్పారు, ఆర్డర్ కాపీ ఉందా, అంబులెన్స్ ఎటు పోవాలి, ఇవి ఉంటే వార్త. "అంట" అనే రెండక్షరాలు కనపడితే చాలు, ఆపి ఒక ఫోన్ చేసి కనుక్కుని పెట్టండి.

ఏం రాయాలి అని అడుగుతారు. కౌన్సిల్ మీటింగ్ ఎజెండాతో మొదలుపెట్టండి, పోయిన మీటింగ్ మినిట్స్, అంటే అక్కడ ఏం తేల్చారో రాసి పెట్టిన కాగితాలు, చదవండి, బోర్ కొడతాయి, నిజమే, కానీ బెల్ జీతాల గుట్టు బయటపడింది కూడా అలాంటి బోర్ కాగితాల్లోంచే. మన పేట పని ఏది శాంక్షన్ అయింది, ఎస్టిమేట్ ఎంత, టెండర్ ఎవరికి వచ్చింది, ఎప్పటికి పూర్తి చెయ్యాలి, ఈ నాలుగూ ఒక్క పేజీలో, పెద్దావిడ చదివినా అర్థమయ్యే మాటల్లో రాసి, గ్రూప్‌లో పెట్టడమే కాదు, ఫోన్ లేనివాళ్ల కోసం నోటీసు బోర్డు మీద కూడా అంటించండి. ఎవరి ఇంటి గొడవలూ రాయొద్దు. పేర్లు పెట్టి నిందలు అసలే వద్దు, అధికారి మీద రాస్తే ఆయన్ని కూడా అడిగి ఆయన మాట కూడా వెయ్యండి. తప్పు పడితే తర్వాతి పేజీలో పైనే దిద్దండి, కింద మూల కాదు.

ఇంకోటి, మన వాళ్లం ఫిర్యాదు చేస్తాం, ఊరుకుంటాం. బ్రిటన్‌లో 2007లో ఫిక్స్ మై స్ట్రీట్ అని మొదలైంది, వీధిలో గుంతో, వెలగని లైటో మ్యాప్ మీద చూపిస్తే సంబంధిత ఆఫీసుకి పంపుతుంది, అందరికీ కనపడేలా ఉంచుతుంది. నాలుగు వారాలయ్యాక ఫిర్యాదు చేసినాయన్ని మళ్లీ అడుగుతుంది, బాగయిందా అని. నాకు అందులో గొప్పగా అనిపించేది ఆ నాలుగు వారాల ప్రశ్నే. దాన్ని మనం చేత్తో కూడా చెయ్యొచ్చు, ఒక రిజిస్టర్, తారీఖు, ఏం అడిగాం, ఎవర్ని అడిగాం, నాలుగు వారాల తర్వాత ఏమైంది. పని అయితే అయిందని కూడా రాయండి, చేసిన సిబ్బందికి థాంక్స్ చెప్పండి, ఎప్పుడూ తిట్లే రాసే కాగితాన్ని ఆఫీసులోనూ చదవరు, వీధిలోనూ చదవరు.

ఇదంతా ఒక్కరి మీద పెట్టకండి దయచేసి. ఉత్సాహం ఉన్న ఒక్క మనిషి మీద మోపితే ఆర్నెల్లలో అలిసిపోతారు, ఆ పేజీ ఆగిపోతుంది. మీటింగ్‌కి ఇద్దరు వెళ్లాలి, నెలనెలా మారాలి, ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరిచూడాలి, కాలేజీ పిల్లల్ని తీసుకోండి, రిటైరైన అకౌంటెంట్ ఎవరైనా ఉంటే ఆయన్ని అస్సలు వదలకండి, బడ్జెట్ కాగితం చదవడం ఆయనకే వస్తుంది. అద్దెకుండేవాళ్లని కూడా పిలవండి, వాళ్లూ ఆ నీళ్లే తాగుతారు, ఆ రోడ్డు మీదే నడుస్తారు.

ప్రశ్నలు తీసుకునే ముందు ఈ రిజిస్టర్ అటు వైపు నుంచి పంపిస్తాను, వచ్చే నెల కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లగలిగినవాళ్లు పేరు, ఏ పూట వీలవుతుందో రాయండి. తెల్ల కాగితం జత చేసి ఉంది, మీ వీధిలో ఆగిపోయిన పని ఏదైనా ఉంటే దాని మీద రాసి ఇవ్వండి, మొదటి పేజీ వాటితోనే మొదలుపెడదాం.