ఆడపిల్లల కార్టూనే కదా అని కత్తిరించారు

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ మహిళా వేదిక ఏర్పాటు చేసిన కమిటీ వారికి, భోజనాలయ్యాక కూడా ఓపిగ్గా వచ్చి కూర్చున్న అమ్మలకు, నాన్నలకు, వెనక వరసల్లో ఉన్న పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి కృతజ్ఞతలు చెప్పాలని ఉంది గానీ నాకిచ్చిన టైమ్ తక్కువ. మన్నించండి.

నాకిచ్చిన అంశం "అమెరికాలో మన పిల్లలు, పుస్తక పఠనం". పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగం చూస్తాను కాబట్టి నన్ను అడిగారు. పఠనం గురించే మాట్లాడతాను. కానీ ఆ మాటకు రావడానికి ముందు జపాన్ వెళ్లాలి. సైలర్ మూన్, కార్డ్‌క్యాప్టర్ సకురా, ప్రిటీ క్యూర్, మడోకా. మంత్రశక్తులున్న అమ్మాయిల జపాన్ కార్టూన్లు ఇవి. ఈ పేర్లు విన్న అమ్మలు ఎంతమంది? చేతులెత్తండి. సరే, పిల్లలు ఎత్తండి. చూశారా, అదీ సంగతి.

మొన్నామధ్య మా లైబ్రరీలో ఒక తెలుగావిడ, కూతురి చేతిలోంచి సైలర్ మూన్ మాంగా, అంటే జపాన్ కామిక్ పుస్తకం, తీసి అలమారలో పెట్టేశారు. "బొమ్మల పుస్తకాలు చాల్లే, చదివేది ఏదైనా తీసుకో" అన్నారు. ఆ పాప ఏమీ అనలేదు. ఆవిణ్ణి తప్పుపట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. ఆ మాటే ఈ దేశంలో టీవీ వాళ్లు, బొమ్మల కంపెనీల వాళ్లు, కామిక్స్ షాపుల వాళ్లు ఏళ్ల తరబడి అన్నారు. ఆడపిల్లలకు నచ్చింది కాబట్టి అది పెద్ద విషయం కాదు అనుకున్నారు. నేను ఇవాళ ఆ మాట గురించే మాట్లాడాలి.

తెలియనివాళ్ల కోసం కథ చెప్తాను. ఉసాగి అని పద్నాలుగేళ్ల అమ్మాయి, టోక్యోలో ఉంటుంది. రోజూ బడికి లేటు. మార్కులు రావు. తిండి మీద ధ్యాస, నిద్ర మీద ఇంకా ధ్యాస. చిన్నదానికీ పెద్దదానికీ భోరున ఏడుస్తుంది. నుదుటి మీద నెలవంక గుర్తున్న ఒక నల్లపిల్లి మనిషిలా మాట్లాడుతూ వచ్చి, లోకాన్ని కాపాడాల్సింది నువ్వే అని ఆమె చేతికి ఒక బ్రోచ్ ఇస్తుంది. అక్కణ్ణించి స్నేహితురాళ్లు ఒక్కొక్కరే చేరతారు. ఆమీ చదువులో ఫస్టు, మాటలు తక్కువ. రేయి గుళ్లో ఉంటుంది, కోపిష్టి. మకోతో పొడుగ్గా ఉంటుంది, కొట్లాటలకు పేరు, కానీ వంట అద్భుతంగా చేస్తుంది. మినాకో సందడి మనిషి. చూసే ప్రతి ఆడపిల్లా ఆ ఐదుగురిలో తనెవరో వెతుక్కుంటుంది.

వాళ్లు రూపం మార్చుకునే దృశ్యం ప్రతి ఎపిసోడ్‌లోనూ వస్తుంది. ముందు చేతిగోళ్లకు రంగు ఎక్కుతుంది. తర్వాత గాల్లోంచి రిబ్బన్లు వచ్చి ఒంటిని చుట్టుకుంటాయి, చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు, చివరికి నుదుటి మీద కిరీటం. పెద్దవాళ్లకు అది పదే పదే అదే బొమ్మ వేసినట్టు ఉంటుంది. నిజమే, ఒకసారి గీసింది మళ్లీ మళ్లీ వాడుకుంటే స్టూడియోకు ఖర్చు తగ్గుతుంది, బొమ్మలూ అమ్ముడవుతాయి. కానీ టీవీ ముందు నిలబడి చేతులు తిప్పే పాపకు అది వేరు. గోళ్లరంగు, లిప్‌స్టిక్, రిబ్బను ఇవన్నీ ఆడంగి వేషాలని ఎవరు తీసిపారేశారో, అవే ఇక్కడ యుద్ధానికి సిద్ధమవడం.

ఈ రకం కథ ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. 1964లో అమెరికన్ టీవీలో 'బివిచ్డ్' అని ఒక సీరియల్ మొదలైంది. ముక్కు కదిపి మంత్రాలు వేసే గృహిణి కథ. అది జపాన్‌లో కూడా బాగా ఆడింది. ఆ ప్రేరణతో 1966లో 'మంత్రగత్తె శాలీ' అని ఒక చిన్నపిల్ల కథ కార్టూన్‌గా వచ్చింది. తర్వాత పాతికేళ్లలో దాని మీద ఎన్నో కథలు వచ్చాయి. 1991 చివర్లో నవోకో తకేఉచి 'నకయోషి' అనే బాలికల పత్రికలో సైలర్ మూన్ గీయడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది మార్చిలో తోయీ స్టూడియో కార్టూన్ మొదలైంది. మంత్రాల పిల్ల కథనీ, రంగురంగుల దుస్తుల్లో జట్టుగా పోరాడే వీరుల కథనీ ఆవిడ కలిపేశారు. అప్పటిదాకా అలాంటి జట్లలో ఎక్కువగా అబ్బాయిలే, ఒకరో ఇద్దరో అమ్మాయిలు. ఇక్కడ మొత్తం అమ్మాయిలే. అంటే అమెరికాలో బయల్దేరిన ఆలోచన జపాన్ వెళ్లి, ఎదిగి, ముప్పై ఏళ్లకు అమెరికా తిరిగొచ్చింది. వస్తే దాన్ని ఎలా చూశారో అదే నా బాధ.

యూరప్‌లో ఇంత ఇబ్బంది రాలేదు. ఇటలీలో 1985 నాటికే క్రీమీ మామి అనే ఇంకో మంత్రాల పిల్ల కార్టూన్ అంటే పిల్లలకు ప్రాణం. ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో 1993కే సైలర్ మూన్ వచ్చేసింది. అక్కడా కత్తెర పడింది, కాదనను. కానీ పిల్లలు టీవీ చూసే వేళకే వేశారు.

అమెరికాలో 1995లో వచ్చింది. అప్పుడు నేను ఆరో తరగతి, మేము న్యూజెర్సీ వచ్చి ఎంతోకాలం కాలేదు. చాలా ఊళ్లలో దాన్ని తెల్లవారుజామున వేసేవారు. స్కూల్ బస్సు రాకముందు, అమ్మ లంచ్ బాక్సులో పెరుగన్నం పెడుతుంటే నేను సౌండ్ తగ్గించి చూసేదాన్ని. "ఆ తల మీద రెండు ముడులేంటే, ఆ పిల్లకి దువ్వేవాళ్లు లేరా" అనేది అమ్మ. అని తనూ నిలబడి చూసేది. నా ఇంగ్లిష్ యాసకు క్లాసులో నవ్వేవాళ్లు. ఏడుపొస్తే బాత్రూమ్‌కి వెళ్లి ఏడ్చేదాన్ని. టీవీలో మాత్రం ఒక అమ్మాయి అందరి ముందూ ఏడ్చి, ముక్కు చీది, మళ్లీ లేచి కొట్లాడేది. ధైర్యం ఉండాలంటే ఏడుపు మానేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ రెండు ఎపిసోడ్ల సంగతి చెప్పాలి. మా లైబ్రరీలో నాతో పనిచేసేవాళ్లందరూ ఇది చాలాసార్లు విన్నారు. మీరూ వినండి.

మొదటి సీజన్‌లో 45, 46 ఎపిసోడ్లు. 1993 ఫిబ్రవరిలో జపాన్‌లో వచ్చాయి. ఐదుగురు అమ్మాయిలూ ఆఖరి యుద్ధానికి ఉత్తర ధ్రువం దగ్గర మంచులో దిగుతారు. శత్రువులు ఒక్కొక్కరినీ మాయలో పడేస్తారు. ముందు మకోతో చనిపోతుంది. తర్వాత ఆమీ. ఆ నెమ్మది పిల్ల, పుస్తకాల పురుగు, శత్రువుల మాయ ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టి, చావబోతూ దాన్ని పగలగొట్టి మిగతావాళ్లకు దారి చేస్తుంది. తర్వాత మినాకో, ఆ తర్వాత రేయి. మొదటినుంచీ ఉసాగితో రోజూ పోట్లాడిన రేయి. ఉసాగి ఒక్కతే మిగులుతుంది. నడవడానికి కాళ్లు రావు. చివర్లో ఆమె చేతిలో ఉన్న స్ఫటికం మీద చనిపోయిన నలుగురి చేతులూ వచ్చి పడతాయి. గెలుస్తుంది, తనూ పోతుంది. పోయే ముందు ఆమె కోరుకున్నది రాజ్యం కాదు. మళ్లీ మామూలుగా బడికి వెళ్లాలని. తెల్లారితే ఎవరికీ ఏదీ గుర్తుండదు, ఉసాగి మళ్లీ లేటు.

అమెరికాలో హక్కులు కొన్న కంపెనీ ఈ రెండింటినీ కోసి ఒకటి చేసింది. చావులు తీసేసింది. ఆ నలుగురినీ శత్రువులు పట్టుకుపోయి బంధించారు అని డైలాగు పెట్టింది. చాలా ఎపిసోడ్ల చివర ఒక నీతి వాక్యాల ముక్క కూడా తగిలించారు, పళ్లు తోముకోండి, పెద్దల మాట వినండి అనే ధోరణిలో.

పిల్లలు తట్టుకోలేరని చేశారంటారు. నేను ఒప్పుకోను. బాంబీ తల్లి చనిపోవడం 1942 నుంచి ఈ దేశంలో పిల్లలకు చూపిస్తూనే ఉన్నారు. లయన్ కింగ్‌లో తండ్రి కొడుకు కళ్లముందే పోతాడు, అది సైలర్ మూన్ కంటే ఒక్క ఏడాది ముందు వచ్చింది. థియేటర్లు నిండిపోయాయి. చావు అనేది సమస్య కాదండీ. అమ్మాయిలు తమ ఇష్టంతో, ఒకరికోసం ఒకరు ప్రాణం ఇవ్వడం అనే బరువు ఆడపిల్లల కార్టూన్‌కు ఎందుకు అనుకున్నారు. ఆమీ తెలివితో చేసిన ఆ ఆఖరి పని నాకు చూపించలేదు. నేను పదకొండేళ్ల పిల్లని, నెమ్మదిదాన్ని, కళ్లజోడుదాన్ని. నాకు చూపించాల్సింది అదే.

ఇంకా చాలా చేశారు. జొయ్‌సైట్ అనే పాత్ర మగవాడు, ఇంకో మగవాణ్ణి ప్రేమించాడు కాబట్టి ఆడగొంతు పెట్టి ఆడదాన్ని చేశారు. 2000లో తర్వాతి సీజన్లు వచ్చినప్పుడు ఒకరినొకరు ప్రేమించుకున్న హరుకా, మిచిరు అనే అమ్మాయిలను కజిన్స్ అన్నారు. అదే ఏడాది కార్డ్‌క్యాప్టర్ సకురాకు జరిగింది ఇంకా దారుణం. క్లాంప్ అనే మహిళా బృందం గీసిన కథ అది, చివరిదాకా సకురాదే. ఇక్కడ అబ్బాయిలు కూడా చూడాలని, పోటీకి వచ్చే అబ్బాయి ప్రవేశించే ఎనిమిదో ఎపిసోడ్‌తో మొదలుపెట్టారు! సకురాకు మంత్రాల కార్డులున్న పుస్తకం ఎలా దొరికింది, కార్డులు ఎలా చెల్లాచెదురయ్యాయి అనే మొదటి కథ పక్కకు పోయింది. 70 ఎపిసోడ్లలో 39 మాత్రమే వేశారు. అమ్మాయిలు అబ్బాయిల కథలు చూస్తారు, అబ్బాయిలు అమ్మాయిల కథలు చూడరు. ఇదీ వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని మా లైబ్రరీకి వచ్చే అబ్బాయిలను అడిగితే చెప్తారు.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఇంకొంచెం ఇవ్వండి, అసలు విషయం ఇప్పుడే వస్తోంది.

ఇక్కడ సైలర్ మూన్ మధ్యలో ఆగిపోతే అభిమానులు ఏం చేశారు? 65 ఎపిసోడ్లతో ఆపేస్తే అభిమానులు 'సేవ్ అవర్ సెయిలర్స్' అని ఒక ఉద్యమం పెట్టారు. అప్పుడు ఇంటర్నెట్ ఇంకా కొత్త. సంతకాలు సేకరించారు. బహిష్కరణ పెట్టలేదు, తిరగేశారు. ఆ షోకు ప్రకటనలిచ్చే పాప్‌టార్ట్స్, అదే పొద్దుటి టిఫిన్ బిస్కెట్లలాంటివి, అందరం ఒకేసారి కొందాం, మేమెంతమందిమో వాళ్లకు తెలియాలి అన్నారు. తర్వాత ఇంకో 17 ఎపిసోడ్లు డబ్ అయ్యాయి. 1998లో కార్టూన్ నెట్‌వర్క్ సాయంత్రం పూట వేయడం మొదలుపెట్టింది. పిల్లలు మెలకువగా ఉండే టైమ్‌కు వేస్తే ఏమవుతుందో అప్పుడు అందరూ చూశారు.

ఇక పఠనం. వచ్చాను, వచ్చాను. ఆ రోజుల్లో కామిక్స్ కావాలంటే కామిక్స్ షాపుకే వెళ్లాలి. ఒకసారి ధైర్యం చేసి ఒక షాపులోకి వెళ్తే కౌంటర్ దగ్గరాయన "తమ్ముడికి కొనడానికొచ్చావా" అన్నాడు. 1997 తర్వాత సైలర్ మూన్ మాంగా ఇంగ్లిష్‌లో పుస్తకంగా వచ్చి, మామూలు బుక్‌షాపుల్లో దొరకడం మొదలైంది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఆడపిల్లలు ఆ షాపుల నేల మీద కూర్చుని చదివేశారు. ఇవాళ మా లైబ్రరీలో కామిక్స్ ఉండే 741.5 నంబరు అలమార దగ్గరికి వచ్చి చూడండి. అట్టలు ఊడి టేపు వేసిన పుస్తకాలు ఏవో చూడండి. కుడి నుంచి ఎడమకు చదవాలి, ముఖంలో భావం చూడాలి, మాట ఎవరిదో పట్టుకోవాలి, రెండు బొమ్మల మధ్య ఏం జరిగిందో తనే ఊహించుకోవాలి. అది చదవడం కాదా అండీ?

ఆ పిల్లలే పెద్దవాళ్లయ్యారు. 'స్టీవెన్ యూనివర్స్' కార్టూన్ చేసిన రెబెకా షుగర్, 'టర్నింగ్ రెడ్' సినిమా తీసిన డోమీ షీ, వీళ్లంతా సైలర్ మూన్ చూసి పెరిగినవాళ్లు. ఇటలీలో 'వింక్స్ క్లబ్', ఫ్రాన్స్‌లో 'మిరాక్యులస్' కార్టూన్లు వచ్చాయంటే ఈ చెట్టు కొమ్మలే. రష్యా స్కేటర్ మెద్వెదేవా, రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్, 2017లో టోక్యోలో సైలర్ మూన్ వేషం వేసుకుని మంచు మీద ఆడింది. 2014లో విజ్ మీడియా అనే కంపెనీ 200 ఎపిసోడ్ల హక్కులూ తీసుకుని, కత్తిరింపులు లేకుండా కొత్తగా డబ్ చేయించింది. ఆ 45, 46 మా అమ్మాయితో కూర్చుని చూశాను. ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, తర్వాతది పెట్టమంది.

కాబట్టి అమ్మలూ, నాన్నలూ, నేను అడిగేది ఇంతే. ఈ వారం మీ లైబ్రరీకి వెళ్లి, మీ పిల్ల ఏది తీస్తే అది ఇంటికి తెచ్చుకోనివ్వండి. ఒక్క పుస్తకం మీరూ చదవండి. ఏడెనిమిదేళ్ల పిల్లలకు కార్డ్‌క్యాప్టర్ సకురాతో మొదలుపెట్టండి, అందులో క్రూరత్వం లేదు, ఇంట్లో తండ్రీ వంట చేస్తాడు. పదేళ్లు దాటితే సైలర్ మూన్, జపాన్ వరసలోనే. మడోకా మాత్రం చిన్నపిల్లలకు వద్దు. 2011లో వచ్చిన పన్నెండు ఎపిసోడ్లు, బొమ్మలు ముద్దుగానే ఉంటాయి గానీ మూడో ఎపిసోడ్‌కే పెద్దవాళ్లకు కూడా నిద్ర పట్టదు. హైస్కూల్ పిల్లలతో కలిసి చూడండి. ఏది ఎక్కడ దొరుకుతుందో రాసి తెచ్చాను, ఆ కాగితాలు బయట టేబుల్ మీద ఉన్నాయి. వెనక కూర్చున్న పిల్లలూ, ముందు మీరు రండి.